వల మీద చీర

నా అంతట నేను మొదలుపెట్టి పూర్తిగా ముగించిన పని ఒక్కటే: ఆరో తరగతిలో బడి మానెయ్యడం.

మొన్న రేపల్లెలో ఆరేసిన వల వాసన తగలగానే నాయనమ్మ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు ఓ రోజు, తెల్లారితే నాన్న పడవెక్కాలి. వల నిండా చిల్లులు. నేనొకటి సగం కుట్టి ఇంకోదాని మీదికి దూకేవాణ్ణి. నాయనమ్మ వల మీద పాత చీర కప్పి, ఒక్క చిల్లు మాత్రం బయట ఉంచింది.

"ఇదొక్కటే కుట్టరా అయ్యా."

కుట్టాక చీర కాస్త జరిపింది. మళ్ళీ ఒక్కటే. ఎందుకు దాస్తోందో నాకు అంతుపట్టలేదు. వలకి దిష్టి కాబోలనుకుని, వీధిలో ఎవరొచ్చినా చీర అంచు సర్దాను. పొద్దుగూకేసరికి ఒక్క చిల్లూ లేదు.

పెద్దయ్యాక అడిగాను, "అప్పుడు ఎవరి దిష్టి తగులుద్దని కప్పావే?"

"దిష్టేంటిరా! అన్నీ ఒక్కసారే చూస్తే పారిపోతావని కప్పా. నీ పుస్తకాల మీదా ఓ చీర కప్పాల్సింది, ఏడో తరగతన్నా గట్టెక్కేవాడివి."