చెప్పుల కింద దాచిన పొది

శృంగవరపుకోటలో గడ్డాలు గీసి, పెళ్లిళ్లకు సన్నాయి ఊదే జోగయ్యది మహా పిరికి ప్రాణం. భయంతో బిగబట్టిన ఊపిరంతా ఊదేస్తాడు గనకే అతని సన్నాయి ఎచ్చెర్ల దాకా వినిపించేది.

అరవై తొమ్మిదిలో, గురునానక్ పుట్టి అయిదు వందల ఏళ్లయిన కార్తీక పౌర్ణమికి, లారీల షెడ్డు యజమాని హర్నామ్ సింగ్ కబురంపాడు. తమ పవిత్ర గ్రంథాన్ని తలమీద పెట్టుకుని పందిట్లోకి తెచ్చేటప్పుడు జోగయ్య సన్నాయి ఊదాలట.

బావమరిది లక్ష్ముడు ముందురోజే బెదరగొట్టాడు. "ఆళ్లు పుట్టినకాడి నుంచి ఎంట్రుక కత్తిరించరు బావా. నీ కత్తి కంటపడిందా, ఆళ్ల కత్తి బయటికొస్తాది."

తీరా షెడ్డు గేటు దగ్గర జోగయ్య నడుముకు బరువు తగిలింది. సన్నాయి పట్టుకుంటే క్షవరం పొది కూడా దోపుకోవడం తాతలనాటి అలవాటు. వెనక్కి తిరిగేలోపే ఇద్దరు ఆరడుగుల సర్దార్లు నమస్కరించి దారి చూపించారు. ఇద్దరి నడుములకూ కత్తులున్నాయి.

చెప్పులు విడిచే చోట జోగయ్య వంగి, పొదిని తన చెప్పుల కింద దూర్చేశాడు. తన చెప్పులు ఏ పెద్దమనిషీ ముట్టడని నలభై ఏళ్ల బతుకు నేర్పింది. వాళ్లిచ్చిన పసుపు గుడ్డ తలకు కట్టుకుని లోపలికి పోయాడు.

జోగయ్య సన్నాయి ఊదుతుంటే గ్రంథాన్ని తెచ్చి పందిరి కింద మెత్తల మీద ఉంచి, వింజామర వీచి, పాటలు పాడారు. తర్వాత తాసీల్దారూ లారీ క్లీనర్లూ ఒకే వరుసలో నేలమీద కూర్చున్నారు. ఆ వరుసలోనే జోగయ్యకూ రొట్టె, పప్పు వడ్డించారు. యజమాని ఏడని వడ్డించే డ్రైవర్ని అడిగాడు. పండగనాడు వచ్చినవాళ్ల చెప్పులు తుడవడం తమలో పెద్ద సేవనీ, ఆయన అక్కడే ఉన్నాడనీ డ్రైవర్ చెప్పాడు.

జోగయ్య సగం రొట్టె వదిలేసి లేచాడు.

బయట హర్నామ్ సింగ్ నేలమీద కూర్చున్నాడు. తెల్లగడ్డం గాలికి కదులుతోంది. చేతిలో జోగయ్య కత్తి, తెరిచి ఉంది.

"నాదే బాబూ," అన్నాడు జోగయ్య. "మర్సిపోయి తెచ్చీసినాను. ఇద్దరాడపిల్లలు నాకు."

హర్నామ్ సింగ్ కత్తిని తుడిచి, మడిచి, పొదిలో పెట్టాడు. ఏళ్ల తరబడి లారీల మీద నేర్చిన తెలుగులో, "అన్నం పెట్టే సామాను సెప్పుల కింద పెడతావేటి?" అని రెండు చేతులతో అందించాడు. తుడిచిన చెప్పుల్ని అతని పాదాల ముందుకు జరిపాడు.

జోగయ్యకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. అంత పెద్దమనిషి తుడిచిన చెప్పుల్లో కాలు పెట్టలేక, చంకలో పెట్టుకుని ఉత్తికాళ్లతో ఇంటికి నడిచాడు. మూడు రోజులు చెయ్యి వణుకు మానలేదు. ఆ మూడు రోజులూ ఊళ్లో సగంమంది సర్దార్లలాగే తిరిగారు.