కేబులాయన వేసిన ఆఖరి భాగం

సోమవారం: మధ్యాహ్నం రెండు గంటల పాత సీరియల్‌లో కోడలు చనిపోయింది. మంగళవారం: అదే కోడలికి సీమంతం జరిగింది. బుధవారం: ఆమెకు పెండ్లిచూపులు. ఇవన్నీ నా నోటుపుస్తకంలో తేదీలతో సహా ఉన్నాయి.

ప్రొద్దుటూరులో మా వీధికి కేబుల్ ఇచ్చినాయన తన లోకల్ ఛానల్‌లో ఆ సీరియల్‌ను మళ్లీ వేసేవాడు. ఇంట్లో దాచుకొన్న క్యాసెట్లలో ఏది చేతికందితే అది. ఫిర్యాదు చేస్తే స్క్రూడ్రైవర్‌తో చెవి వెనుక గోక్కొని, "వస్తాది మామా, యాడికి పోతాది కథ?" అనేవాడు. ఆ మాట వింటే నా కోపం నిలిచేది కాదు.

ఇంతలో నా భార్యకు కంటి ఆపరేషన్ కుదిరింది. "సచ్చిపోయిందనుకొన్న ఆ కోడలు తిరిగి ఇల్లు చేరేది చూసినాకనే జమ్మలమడుగు ఆస్పత్రికి వస్తా" అని ఆమె పట్టుబట్టింది. సంగతి చెప్పగా కేబులాయన నవ్వకుండా అటకెక్కి, ఆఖరి క్యాసెట్ వెదికి వేశాడు. మేమిద్దరం ఆయన ఇంట్లోనే టీవీ ముందు కూర్చొన్నాం.

కోడలు గడప ముందుకు వచ్చి కాలు ఎత్తింది. ఆ క్షణాన తెర మీద పులివెందులలో జరిగిన కేబులాయన పెండ్లి మొదలైంది. ఆ క్యాసెట్ మీదే దాన్ని రికార్డు చేయించుకొన్నాడట!

"ఏందప్పా ఇది?" అన్నాను.

"శానా బాగొచ్చింది గదా మామా!" అన్నాడు, తడి కళ్లతో.

తెర మీద తాళి కట్టేదాకా నా భార్య చూసి, "కడకు అందరూ బాగుండారు, పోదాం పాండి" అని సంచి తీసుకొంది.

ఆపరేషన్ చక్కగా జరిగింది. ఆయన తర్వాత ఊరు మారాడు. అయితే కోడలు ఎత్తిన కాలు గడపకు ఇవతల పడినదో, అవతల పడినదో నాకు నేటికీ తెలియదు. కావున ఆయన ఎక్కడున్నా పదిహేను దినాల్లోగా లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. నోటిమాటను జవాబుగా స్వీకరించను.