లాన్ నది ఒడ్డున పెరుగన్నం

జర్మనీ వెళ్ళొచ్చినవాళ్ళు కోటల గురించీ చర్చీల గురించీ చెబుతారు. నేను చెప్పబోయేది ఒక ఆదివారం రెండు కుక్కల వెంట అడవిలో నడిచిన నడక గురించి. కుక్కల మీద ప్రేమతో వెళ్ళలేదని ముందే ఒప్పుకుంటాను. పదేళ్ళప్పుడు పెరంబూరులో మా క్వార్టర్సు వెనక ఒకటి పిక్క పట్టుకుంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకున్నవాణ్ణి. అప్పటినుంచీ కుక్క మీదికొస్తే నా చెయ్యి నన్ను అడక్కుండానే నేల మీదికి పోయి రాయి వెతుకుతుంది. రాయి దొరకనక్కర్లేదు కూడా. మా ఊళ్ళో ఊరికే వంగితే చాలు, ఏ వీధికుక్కయినా తోక ముడుచుకుని సందు చివరికి పోతుంది. మద్రాసులో పిల్లలు అఆలకంటే ముందు నేర్చుకునే విద్య ఇది.

మద్రాసు చెన్నై అయిన మరుసటి ఏడాది, రైలు పెట్టెల వెల్డింగులో కొత్త పద్ధతులు నేర్చుకు రమ్మని నన్నూ మునిరత్నాన్నీ మా ఫ్యాక్టరీవాళ్ళు మూడు నెలలు జర్మనీకి పంపారు. మునిరత్నం రాయపురం మనిషి, నాతోపాటే ఉద్యోగంలో చేరాడు. వాడి నోటికి సెలవు ఉండదు. గీసెన్ పట్టణంలో ఇంగ్రిడ్ అనే రిటైరైన టీచరమ్మ ఇంట్లో మేడమీద గదిలో మా బస. ఆవిడ ఒంటరి, తోడు రెండు కుక్కలు. బ్రూనో దూడంత ఉండే నల్ల కుక్క. రెండోది పేపా. సన్నటి ఒళ్ళు, గోధుమ రంగు, నిక్కిన చెవులు. దీన్ని చూసిన మొదటిరోజే మా వీధి కుక్క ఇక్కడికెలా వచ్చిందా అనుకున్నాను. ఆవిడ కూతురు స్పెయిన్‌లో సముద్రం పక్కన ఒక ఊళ్ళో, వీధిలో తిరుగుతున్నదాన్ని చేరదీసి తల్లికి తెచ్చి ఇచ్చిందట.

అక్టోబరులో ఒక శనివారం సాయంత్రం ఇంగ్రిడ్ మెట్లెక్కి వచ్చారు. వచ్చీరాని ఇంగ్లీషులు రెండు కలిస్తే మా సంభాషణ.

"ఎనిమిది నెలలుగా పేపాను తోలుపట్టీ లేకుండా బయటికి తీసుకెళ్ళలేదు. రేపు అడవిలో మొదటిసారి విప్పుతాను. పిలిస్తే వస్తుందని నమ్మకం కుదిరింది. మీరిద్దరూ రండి, మా లోయ చూద్దురుగాని" అన్నారు.

అంత సంబరంగా పిలిచిన మనిషికి నాకు కుక్కలంటే భయమని ఎలా చెప్పను? వస్తామన్నాను.

ఉదయం ఏడున్నరకు బయలుదేరాం. ఆవిడ సంచిలో రొట్టె, జున్ను, సాసేజీలు. మునిరత్నం సంచిలో రెండు డబ్బాల పెరుగన్నం, ఆవాల తాలింపుతో. స్టేషన్‌లో ముప్పై అయిదు జర్మన్ మార్కులకు ఒక టికెట్టు తీశారు. శని ఆదివారాల్లో ఆ ఒక్క టికెట్టు మీద అయిదుగురు రోజంతా ప్యాసింజరు రైళ్ళలో తిరగవచ్చు. మీరెవరైనా వెళితే ఇది గుర్తుంచుకోండి. ఎనిమిదీ పదికి బండి కదిలింది. టికెట్ కలెక్టరు వచ్చి మమ్మల్ని ముగ్గురినీ లెక్కపెట్టి, కింద పడుకున్న రెండింటినీ లెక్కపెట్టి, అయిదు సరిపోయిందని సెల్యూట్ కొట్టి వెళ్ళాడు.

"ఏమప్పా గోపాలూ, ఈడ కుక్కక్కూడా టిక్కెట్టా! మన పక్క ఎలక్ట్రిక్ ట్రైన్‌లో మనుషులే తియ్యరు గదా" అని మునిరత్నం నోరు తెరిచాడు.

ఎదుటి సీటులో చేతికర్ర పట్టుకున్న పెద్దాయన ముందు బ్రూనోను పలకరించి, తర్వాత పేపాను పలకరించి, ఆ తర్వాత మాకు చెయ్యి అందించాడు. మూడో వరసలోనైనా మర్యాద దక్కింది కదా అని సంతోషించాను.

తొమ్మిదికి ముందే వైల్‌బుర్గ్ అనే ఊళ్ళో దిగాం. లాన్ నది ఊరి చుట్టూ దాదాపు పూర్తిగా తిరిగొస్తుంది. అంత చుట్టు తిరగలేక పడవలవాళ్ళు కొండ కిందనుంచి సొరంగమే తవ్వుకున్నారు. పడవలు కొండలో దూరి అవతలికి తేలడం కళ్ళారా చూశాను. కాఫీ హోటల్లో మేం కుర్చీలు లాక్కునేలోపే హోటలావిడ రెండు గిన్నెల్లో నీళ్ళు తెచ్చి కుక్కల ముందు పెట్టింది. మా ఆర్డరు ఆ తర్వాతే.

ఊరు దాటగానే అడవి. అడవంటే ముళ్ళూ పొదలూ అనుకునే నాకు ఆ అడవి వింతగా తోచింది. బీచ్ అని పిలిచే ఆ దేశపు చెట్లు స్తంభాల్లా నిలబడ్డాయి. ఆకులన్నీ పసుపుపచ్చ. దారి చీలిన ప్రతిచోటా చెట్టు బోదె మీద తెల్ల రంగు గుర్తు వేసుంది. ఎవరినీ దారి అడగనక్కర్లేదు. అరగంటకొక బల్ల, పక్కనే చెత్తబుట్ట, ఆ బుట్టలోనే చెత్త! మా ఊరి సముద్రతీరాన్ని తలుచుకుని నాకు అసూయ పుట్టింది. ఎదురైన ప్రతి మనిషీ నమస్కారంలాంటి మాట ఒకటి చెప్పి పోతున్నాడు.

పదిన్నరకు ఇంగ్రిడ్ ఒకచోట ఆగి, పేపా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పట్టీ విప్పారు. పేపా రెండడుగులు వేసి వెనక్కి చూసింది. మళ్ళీ నాలుగు అడుగులు. తర్వాత ఒక్కసారిగా రాలిన ఆకుల మధ్య గుండ్రంగా పరుగులు తీసింది. బ్రూనో వెంటపడింది. ఆవిడ పిలిచారు. పేపా వచ్చి ఆవిడ మోకాలికి మూతి ఆనించింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే, కుక్కలంటే పడని నేనే నా జేబురుమాలు తీసి అందించాను.

పన్నెండింటికి గ్రేవెనెక్ అనే చిన్న హాల్టు దగ్గర నది ఒడ్డున బల్ల మీద భోజనం. సాసేజీల్లో సగం కుక్కలే తిన్నాయి. మా పెరుగన్నం ఒక డబ్బా మిగిలింది. ఒంటిగంటకు మళ్ళీ కొండెక్కి, ఒకటిన్నరకు ఒక రైతు ఇంటి పక్కనుంచి వెళుతున్నాం.

ఆ ఇంటి కాపలా కుక్క గేటు సందులోంచి మొరుగుతూ దూసుకొచ్చింది. నేను వంగాను. ఆలోచించి చేసిందేమీ కాదు, చెయ్యి దానంతటదే నేలకు పోయింది. ఆ రైతు కుక్క ఠక్కున ఆగి, తల పక్కకు వంచి, నేనేం విసురుతానా అని తోక ఊపింది. బ్రూనో కర్ర విసరబోతున్నాననుకుని నా చుట్టూ గెంతింది. ఈ రెండింటికీ రాయి దెబ్బంటే ఏమిటో తెలియదు. అది తెలిసినది మూడోది. పేపా ఒక్క అరుపు అరిచి, తోక కడుపు కిందికి ముడుచుకుని, వాలు మీదుగా అడవిలోకి పారిపోయింది. ఇంగ్రిడ్ ఎంత పిలిచినా తిరిగి చూడలేదు.

"ఆ కుక్క మొరిగేసరికి బెదిరిపోయింది పాపం" అన్నారు ఇంగ్రిడ్.

మునిరత్నం నన్ను పక్కకు లాగాడు. "నేను చూసినాలే. నువ్వేం చెప్పబాక. ఆమె అట్లానే అనుకోనీ, సుమ్మా ఉండప్పా."

ఊరకే ఉన్నాను. గంటన్నర వెతికాం. పిలిచి పిలిచి ఆవిడ గొంతు బొంగురుపోయింది. చీకటి పడేలోపు దొరక్కపోతే కష్టమన్నారు. కింద లోయలో రైలు పట్టాలున్నాయి. అదీకాక అడవిలో ఒంటరిగా తిరిగే కుక్కను వేటగాడు కాల్చినా ఇక్కడి చట్టం ఏమీ అనదట.

పిలిస్తే పేపా రాదని నాకు అప్పటికి అర్థమైంది. ఇంగ్రిడ్‌కు తెలిసినది ఎనిమిది నెలల పెంపుడు కుక్క. అడవిలోకి పారిపోయింది వీధికుక్క, దాన్ని ఎరిగినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. దెబ్బతిన్న వీధికుక్క ఎక్కడికి పోతుంది? చివరిసారి తిండి దొరికిన చోటికి.

"మేడమ్, మీరు ఇక్కడే ఉండండి. పట్టీ నాకివ్వండి" అని, మునిరత్నం దగ్గర పెరుగన్నం డబ్బా తీసుకుని గ్రేవెనెక్ దిగాను. నాలుగింటికి బల్ల దగ్గరికి చేరాను. ఎవరూ లేరు. నది మెల్లగా పోతోంది. కాసేపు చూస్తే, ఒడ్డున దురదగొండి పొదల్లో రెండు నిక్కిన చెవులు.

పేరు పెట్టి పిలవలేదు, దాని వైపు చూడనూ లేదు. పెరుగన్నం ఆకుల మీద పెట్టి, నాలుగు గజాలు ఇవతల నేల మీద కూర్చుని, వీపు దానివైపు తిప్పాను. నా జన్మలో కుక్కకు వీపు చూపించి కూర్చోవడం అదే మొదలు. పిక్క మీద పాత మచ్చ జివ్వుమంది. అవతలి గట్టున ఒక రైలు వెళ్ళింది. చాలాసేపటికి వెనక అన్నం నాకుతున్న చప్పుడు. ఇంకాసేపటికి నా వీపుకు వెచ్చగా ఏదో ఆనింది. అది వణుకుతోంది. నేనూ వణుకుతున్నాను. పై నుంచి కాకుండా గడ్డం కిందనుంచి చెయ్యి పోనిచ్చి పట్టీ తగిలించాను. టైము చూస్తే అయిదుకు పది నిమిషాలు.

కొండెక్కి తీసుకెళితే ఇంగ్రిడ్ పేపాను కావలించుకుని ఏడ్చారు. మునిరత్నం ముఖం పక్కకు తిప్పుకుని, "నా పెరుగన్నం అంతా పోయింది చూడు" అన్నాడు.

గ్రేవెనెక్‌లోనే ఆరూ ఇరవై బండి ఎక్కాం. ఇంగ్రిడ్ అడిగారు, "అది అక్కడికి వస్తుందని మీకెలా తెలుసు?"

మునిరత్నం నా కాలు తొక్కాడు. అయినా చెప్పాను. మొరిగిన కుక్కను చూసి కాదు, నేను వంగడం చూసి పారిపోయిందని చెప్పాను. మా ఊళ్ళో వంగడమంటే ఏమిటో, చిన్నప్పటినుంచీ నేను ఎన్నింటి మీద రాళ్ళు విసిరానో, అందుకే వాటి దారులు నాకు తెలుసనీ చెప్పాను. ఆవిడ ముఖం కిటికీవైపు తిప్పుకున్నారు. నా మీద అసహ్యం వేసి ఉంటుందనుకున్నాను. గీసెన్‌లో దిగాక ఆవిడ పేపా పట్టీ నా చేతికిచ్చి, బ్రూనోను తీసుకుని ముందు నడిచారు. ఇంటిదాకా పేపాను నేనే నడిపించాను.

ఆ తర్వాత ఆరు ఆదివారాలూ ఆ లోయలోనే నడిచాం. ఆ అడవులూ, ఆ నదీ, కుక్కకు కూడా చోటుంచిన ఆ రైళ్ళూ ఎంత మెచ్చుకున్నా తనివి తీరదు. వీలుంటే అక్టోబరులో వెళ్ళండి. నడక బూట్లు తప్పనిసరి.

తిరుగు ప్రయాణంలో మీనంబాక్కం విమానాశ్రయంలో దిగేసరికి తెల్లవారింది. మునిరత్నం రాయపురానికి వేరే ఆటో ఎక్కాడు. నేను పెరంబూరులో మా వీధి మొదట్లోనే దిగిపోయి నడిచాను. గుమ్మం ముందు మా వీధి గోధుమరంగు కుక్క పడుకుని ఉంది. పెట్టె కింద పెడదామని వంగాను. అంతే, తోక ముడుచుకుని దీపస్తంభం దాకా పరుగెత్తి, అక్కడినుంచి నన్నే చూస్తూ నిలబడింది. దాని చెవులు నిక్కి ఉన్నాయి. ఇన్నేళ్ళూ అది దాని స్వభావం అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

విమానంలో మిగుల్చుకున్న రొట్టె తీసి వీధిలో పెట్టి, గోడవైపు తిరిగి మెట్టు మీద కూర్చున్నాను. తలుపు తీసిన మా ఆవిడ మూడు నెలల తర్వాత వచ్చిన మొగుణ్ణి ఆ భంగిమలో చూసి హడలిపోయింది.

"ఏమండీ, ఆడ కూర్చున్నారేంది? ఒళ్ళు బాగుందా? లోపలికి రాండి."

"కాసేపాగు. కాఫీ ఈడికే తీసుకురా. ఒకరు రావాల."

ఆమె నా తల మీదుగా వీధిలోకి తొంగి చూసింది.

"ఎవురూ లేరే! కుక్క తప్ప."