దారికి అడ్డంగా వేసిన కొమ్మ

ఒంటరిగా తిరగడం మొదలుపెట్టి అప్పటికి ఎనిమిది నెలలు. వీపు మీద పన్నెండు కిలోల బ్యాగు, కాళ్ళకి రెండో జత బూట్లు. ఎవరైనా "ఒక్కదానివేనా?" అని అడిగితే లోపల కొంచెం పొగరుగా అనిపించేది. దారి అడక్కపోవడం కూడా ఆ పొగరులో భాగమే. ఫోన్లో మ్యాపు ఉంది, కాళ్ళున్నాయి, ఇంకొకళ్ళతో నాకేం పని అనుకునేదాన్ని. ఇంకో గొప్ప కూడా ఉండేది నాకు. నడిచిన చోట నా గుర్తు మిగల్చను. చాక్లెట్ కాగితాలు, నావే కాదు ఇతరులవి కూడా ఏరి జేబులో వేసుకుంటాను. ఈ రెండు గొప్పలూ కలిసి ఒకరోజు ఏం చేశాయో రాయాలని నాలుగేళ్ళుగా కూర్చుంటున్నాను. ప్రతిసారీ కొండల మీది మంచు గురించి రెండు పేజీలు రాసి లేచిపోతున్నాను.

వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. అరకులో నాలుగు రోజులుండి, పాడేరు మీదుగా జి.మాడుగుల దాటి, జీపు ఇక వెళ్ళదన్న చోట దిగి మూడు గంటలు ఎక్కితే వచ్చే ఊరది. ఇరవై ఇళ్ళుంటాయేమో. అందులో ఒక ఇంటి అరుగు మీద రెండు రాత్రులు పడుకున్నాను. ఆ ఇంటామె నాకంటే పదేళ్ళు పెద్దది. మొదటిరోజు "మేడమ్" అంది, రెండోరోజుకి "సెల్లి" అంది. చోడి అంబలి, అంటే రాగిజావ, గ్లాసులో పోసి, నేను తాగుతుంటే ఎదురుగా కూర్చుని చూసేది.

"ఇంటికాడ ఎవులూ నేరా నీకు?" అని అడిగింది.

ఉన్నారన్నాను.

"మరేటి, ఒక్కర్తివీ కొండలంట తిరుగుతున్నావు?"

నవ్వేశాను. ఆమె మాత్రం నవ్వలేదు.

ఆమె భర్త లోపల దుప్పటి కప్పుకుని పడుకుని ఉండేవాడు. జ్వరమట, మూడు రోజులై తగ్గట్లేదట, మాత్రలు మింగుతున్నాడట. ఒకసారి గుమ్మంలోంచి తొంగిచూస్తే చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను. ఆ మనిషికీ నాకూ అంతవరకే పరిచయం.

మూడోరోజు పొద్దున్నకి ఆయన లేచి నిలబడలేకపోయాడు. మాట తడబడుతోంది. తెల్లవారకముందే ఆయన తమ్ముడు రోడ్డు దాకా దిగి, సిగ్నల్ వచ్చే చోట నుంచి జీపుకి ఫోన్ చేసి రావడానికి వెళ్ళాడు. మిగతావాళ్ళు వెదురుకి దుప్పటి కట్టి డోలీ తయారుచేశారు. ఆయన పెళ్ళాం చెయ్యి పట్టుకుని వదలడు. ఆమె తమ భాషలో ఏదో నచ్చజెప్పి వేళ్ళు విడిపించుకుంది. పెట్టెలోంచి ఆసుపత్రికి కావాల్సిన కార్డులు తీయాలి, అత్తనీ మేకల్నీ పక్కింటివాళ్ళకి అప్పజెప్పాలి.

"ఆయనకి సూదంటే బయ్యం. నాను పక్కన నేకపోతే సెయ్యి ఇవ్వడు," అంది నాతో. "మీరు పదండి. బేగి ఒచ్చి కలిసీత్తాను."

ఆమె నడక చూశాను కాబట్టి కలుస్తుందనే నమ్మాను. డోలీ వెళ్ళిన కాసేపటికి నా బ్యాగు తగిలించుకుని నేనూ బయల్దేరాను. ఆమె కోసం ఆగి ఉంటే సరిపోయేది. ఆగమని ఆమె అడగలేదు, ఆగాలని నాకూ తోచలేదు. పొద్దున్నపూట ఒక్కదాన్నే నడవడం నాకిష్టం.

గంట దిగాక దారి రెండుగా చీలింది. కింది దారి ఊరివాళ్ళు రోజూ నడిచేది. పైది చుట్టుదారి. పై దారి బురదలో కొత్త అడుగులు కనిపించాయి, డోలీ వాళ్ళవేనని అటే తిరిగాను. కింది దారి మొదట్లో మాత్రం ఒక పచ్చికొమ్మ అడ్డంగా పడి ఉంది. నా ఎత్తుంది, నిటారుగా ఉంది. ముందు వాగుంది, కర్ర కావాలనుకుంటూనే వస్తున్నాను. పైగా వెనకాల ఆ ఇంటామె వస్తోంది, దారికి అడ్డం లేకుండా తీసేస్తే మంచిదే కదా అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఆకులు దూసి పారేసి, కర్ర ఊపుకుంటూ వెళ్ళిపోయాను. పది నిమిషాలకి వాన పట్టుకుంది, పెద్ద వాన. బురదలో అడుగులన్నీ చెరిగిపోయే వాన.

రోడ్డు మీద జీపు సిద్ధంగా ఉంది. ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టి ఆమె కోసం చూస్తున్నారు. తమ్ముడి కళ్ళు నా చేతి మీద పడ్డాయి.

"మేడమ్, ఈ కర్ర ఎక్కడిది?"

"దారి చీలిన చోట పడి ఉంటే తెచ్చుకున్నాను."

అతను కర్ర అందుకుని మొదలు చూశాడు. కత్తితో ఏటవాలుగా నరికిన మొదలు. అంతసేపూ అది నా చేతిలోనే ఉన్నా నేను చూడలేదు.

"పడిపోనేదు. నానే ఏసినాను," అన్నాడు.

కర్ర నాకే ఇచ్చేసి, డ్రైవరుతో బయల్దేరమని చెప్పి, వానలో కొండెక్కి పరిగెత్తాడు.

మిగతాది డోలీ మోసినాయన చెప్పాడు. కింది దారి రాత్రి వానకి విరిగిపోయింది, మట్టీ చెట్లూ కలిసి లోయలోకి జారిపోయాయి. తెల్లవారుజామున దిగేటప్పుడు తమ్ముడు అది చూసి, పై దారిన దిగి ఫోన్ చేసి, తిరిగొచ్చి చీలిక దగ్గర వీళ్ళని కలిశాడు. వదిన వెనకాల వస్తుందని కొమ్మ నరికి ఆ దారికి అడ్డం వేశాడు. ఆకు పచ్చగా ఉందంటే కబురు ఇవాళ్టిది, అటు వెళ్ళొద్దని. ఎండితే పాతది. అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి.

నేనూ కొండెక్కుతానంటే వాళ్ళు వద్దన్నారు. "నువ్వు తెలుగు బాగా మాటాడతావు, ఆసుపత్రికి రా," అన్నారు. ఎక్కాను. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు, తర్వాత నా వెనక చూశాడు.

"వస్తోంది," అన్నాను. ఆ మాట అబద్ధమని ఆయనకి అర్థమైందో లేదో తెలీదు.

ఆసుపత్రిలో కాగితం నింపడానికి పేరు అడిగారు. రెండు రాత్రులు ఆ ఇంటి అరుగు మీద పడుకుని, ఆ ఇంటి అంబలి తాగి, ఇంటాయన పేరు అడగలేదు నేను. డోలీ మోసినాయన చెప్పాడు. వయసెంతన్నారు, ఎన్నాళ్ళ నుంచి జ్వరమన్నారు, ముందెప్పుడైనా వచ్చిందా అన్నారు. అన్నిటికీ పక్కకి తిరిగి అడగాల్సి వచ్చింది. నా నోటుబుక్కులో మాత్రం ఆ ఊరి మంచు గురించి నాలుగు పేజీలున్నాయి.

సూది వేయబోతే చెయ్యి లాగేసుకున్నాడు. రెండో చెయ్యి నేను పట్టుకోబోయాను. అదీ లాగేసుకున్నాడు. చివరికి ఇద్దరు గట్టిగా అదిమి పట్టుకుంటే వేశారు. డాక్టరూ నర్సులూ చేయగలిగింది చేశారు, నేను చూశాను. మర్నాడు పొద్దున్న ఆయన పోయాడు.

ఆమె వచ్చింది గంట తర్వాత. కాలికి గుడ్డ చుట్టి ఉంది, మరిది భుజం మీద చెయ్యేసి కుంటుతోంది. కింది దారిలో విరిగిన చోటు దాకా వెళ్ళి, మొగుడు ముందున్నాడు కదా, వాళ్ళు దాటి ఉంటారు కదా అని మట్టిలో అడుగేసింది. జారి, చెట్టు వేరు పట్టుకుని ఆగింది. మధ్యాహ్నం దాటాక మరిది చూశాడు. వాళ్ళు రోడ్డెక్కేసరికి చీకటి పడింది, జీపుల్లేవు. ఆమె పోగొట్టుకున్న గంటల్ని నేను ఎన్నోసార్లు లెక్కపెట్టాను. ఎలా లెక్కపెట్టినా ముందురోజు మధ్యాహ్నానికే ఆయన పక్కన ఉండాల్సిన మనిషి.

"అక్కా, ఆ కొమ్మ నేనే తీశాను," అన్నాను. చెప్పకుండా ఉండటం నా వల్ల కాలేదు. చెప్పాక మాత్రం ఏ మాత్రం తేలికపడలేదు.

ఆమెకి దారిలోనే తెలిసినట్టుంది. నా వైపు చూడలేదు. గోడకి ఆనించిన కర్ర చూసింది. దాన్ని అందుకుని, మరిది భుజం వదిలి, ఆ ఊతంతో ఆయన్ని ఉంచిన గదిలోకి వెళ్ళింది.

అదే రోజు ఆయన్ని రోడ్డు చివరి దాకా బండిలో తెచ్చి, అక్కడి నుంచి మళ్ళీ డోలీ కట్టారు. ఆమెని కూడా మోస్తామంటే ఒప్పుకోలేదు. కర్ర ఆనించుకుంటూ ఎక్కింది. నన్ను ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. అందరికంటే వెనక నడిచాను. మొదటిసారి ఆ కొండ మీద ఒంటరిగా ఉండటానికి భయమేసింది.

దారి చీలిన చోట మరిది ఇంకో కొమ్మ నరికి కింది దారికి అడ్డం వేసి, డోలీ వెంట వెళ్ళిపోయాడు. మేమిద్దరం మిగిలాం. ఆమె ఆగింది. కర్ర చెట్టుకి ఆనించి, చుట్టూ చూసి, గట్టు పక్కనున్న రాయి ఒకటి రెండు చేతులా ఎత్తబోయింది. నేను పట్టబోతే తల అడ్డంగా ఊపింది. కుంటుతూ ఒక్కర్తే మోసుకొచ్చి, కొమ్మ కదలకుండా దాని మొదలు మీద పెట్టింది.

"తెలీనోల్లు ఒస్తారు," అంది.

తర్వాత కర్ర తీసుకుని ఊరి దారి పట్టింది.