రంగు పేరు రాయకూడదు

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. రెండువేల నాలుగు ప్రాంతంలో కర్నూలులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి, ప్రోగ్రాం ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాసేదాన్ని. వాటికి నియమాలు కూడా నేనే పెట్టాను. తెర మీద బటన్‌కు ఏ పేరుంటే ఆ పేరే, ఇంగ్లీషు అక్షరాల్లోనే వేయాలి. "పచ్చ బటన్", "కింద మూలనున్నది" అని రాయకూడదు. రంగూ చోటూ రేపు మారవచ్చు కదా.

కర్నూలును ఆనుకునే ఉన్న కల్లూరులో అద్దె గదిలో కూర్చుని రాసేదాన్ని. ఆఫీసుకు వారానికోసారి వెళ్తే చాలు. నోరు విప్పకుండానే రోజులు గడిచిపోయేవి. ఆ ఒంటరితనం నన్ను తినేసేది.

మా ప్రోగ్రాం ఆత్మకూరులో ఒక వ్యాపారి గిడ్డంగికి ఇచ్చాం. అక్కడి గుమాస్తా ఇరవై ఏళ్లుగా సరుకు వివరాలు చేత్తో రాసిన మనిషి. తెలుగు ముత్యాల్లా రాస్తాడు, ఇంగ్లీషు అక్షరం రాదు. కంప్యూటర్ పట్టుబడకపోతే తన కుర్చీ పోతుందని భయం. అందుకని రోజూ నా గదికి ఫోన్ చేసేవాడు.

"అమ్మా, పచ్చది నొక్కితే ఏమీ కాలే. ఎర్రది నొక్కల్లా?"

"రంగు చెప్పొద్దన్నా. దాని మీద ఏముందో చదువు."

"అది చదివేకి వస్తే నీకెందుకు ఫోన్ చేస్తానమ్మా" అని నవ్వేవాడు. పెట్టేసే ముందు "అన్నం తింటివా?" అనేవాడు. ఆ మాట అడిగేది అతనొక్కడే. విసుక్కుంటూనే ఆ ఫోన్ కోసం ఎదురుచూసేదాన్ని.

పుస్తకం అచ్చయి గిడ్డంగికి వెళ్లింది. ఫోన్లు ఆగిపోయాయి. నా పుస్తకం చక్కగా పనిచేస్తోందని పొంగిపోయాను. నెల తిరిగేసరికి గదిలో ఉండలేక, ఏదో పని కల్పించుకుని ఆత్మకూరు బస్సెక్కాను.

కంప్యూటర్ ముందు ఎవరో కొత్తమ్మాయి కూర్చుని ఉంది. గుమాస్తా గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, వచ్చిపోయే లారీల లెక్క రాస్తున్నాడు. నన్ను చూసి లేచాడు.

"పుస్తకం ఉండాది గదా, ఇంక ఫోన్ చేయొద్దనె మా సావుకారి. దాంట్లో అన్నీ ఇంగ్లీషు పేర్లే. నాకు కుదర్లేదమ్మా. ఈడ కూచోమనె."

"నాకొక్క మాట చెప్పొచ్చు కదన్నా. రంగులు రాసి ఇచ్చేదాన్ని."

"రంగు చెప్పొద్దని నువ్వే అంటాంటివి. శానా చదువుకున్నదానివి, ఏదో కారణం ఉంటాదిలే అనుకుంటి."

తలెత్తలేకపోయాను. రెండు మాటలు రాసి ఉంటే ఆ కుర్చీ అతనికి మిగిలేది. బస్సుకు వేళవుతుండగా సిగ్గు విడిచి అడిగాను.

"ఊరికేనైనా అప్పుడప్పుడు ఫోన్ చెయ్యన్నా."

"గేటు కాడ ఫోన్ లేదమ్మా" అన్నాడు.