మా నాన్న ఆచూకీ తెచ్చిన దేవదానం సార్

దేవదానం సార్ ఇక లేరు.

నిన్న పొద్దున అమీన్‌పూర్‌లో మనవరాలిని స్కూల్ బస్ ఎక్కించి వెనక్కి వస్తుంటే సార్ కూతురు గ్రేస్ ఫోన్ చేసింది. "డాడీ పోయిండక్కా. నిద్రలనే" అంది.

నేను ఏమన్నానో గుర్తు లేదు. ఎవరిదో అపార్ట్‌మెంట్ గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

ఎనభై ఏడేళ్లు, నిండు జీవితం అని అందరూ అంటున్నారు. నిజమే కావచ్చు. నాకు ఆ మాట సరిపోవడం లేదు.

మీలో చాలామందికి సార్ తెలియకపోవచ్చు. సంగారెడ్డిలో స్కూల్ టీచర్. డెబ్బైలలో డిటెక్టివ్ నవలలు రాసేవారు. బస్టాండ్ షాపుల్లో దారానికి వేలాడదీసి అమ్మే పాకెట్ బుక్స్.

అవి చదివి మాకు ఆయన పరిచయం కాలేదు. మా అమ్మకు చదువు రాదు.

అప్పుడు మేం ఇస్నాపూర్‌లో ఉండేవాళ్లం. నాకు తొమ్మిదేళ్లు. మా నాన్న నర్సింలు పటాన్‌చెరు దగ్గర కొత్తగా కడుతున్న ఒక ఫ్యాక్టరీలో కూలీ. ఒకరోజు పనికని వెళ్లి తిరిగి రాలేదు.

రెండు నెలలు అమ్మ తిరగని చోటు లేదు. బొంబాయి పారిపోయాడని కొందరు, ఇంకో ఇల్లు పెట్టాడని కొందరు. అమ్మ ఎవరితోనూ వాదించలేదు.

ఒకరోజు కిరాణా షాపు శేటు పేపర్ చూసి చెప్పాడు. "సంగారెడ్డిల డిటెక్టివోళ్ల మీటింగ్ ఉన్నదట. తప్పిపోయినోళ్లను పట్టుకునేటోళ్లు గదా. ఒకపారి పోయి అడుగు."

అది డిటెక్టివ్ రచయితల సభ. రచయితలు అన్న మాట శేటు చదవలేదో, అమ్మ వినలేదో.

రెండు రోజుల సభ. ఉపన్యాసాలు, వాటి మీద ప్రశ్నలు, కొత్తగా రాసేవాళ్లకు క్లాసులు. ఇవాళ వర్క్‌షాప్ అంటున్నామే, అదే. మేం వెళ్లేసరికి లైబ్రరీ హాల్లో దేవదానం సార్ క్లాస్ నడుస్తోంది. హంతకుడి ఆనవాళ్లు కథలో ఎక్కడ దాచాలో చెబుతున్నారు. ముప్పై మంది దాకా నోట్‌బుక్స్‌లో రాసుకుంటున్నారు.

అమ్మ నా చేయి పట్టుకుని నేరుగా ఆయన ముందుకు నడిచింది.

"సారూ, నా పెనిమిటి కానొస్తలేడు. రెండు నెలలాయె. జెర ఎతికిపెట్టుండ్రి."

హాలంతా నవ్వులు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. క్లాస్ కోసం సార్ మాతో ఏదో నాటకం వేయిస్తున్నారనుకున్నారు.

సార్ నవ్వలేదు. కుర్చీ లాగి అమ్మను కూర్చోబెట్టారు.

"ఏం అంగీ తొడుక్కున్నడు చెల్లే?"

"నీలిది. జేబు చినిగితే ఎర్ర దారం తోటి నేనే కుట్టిన."

వెనక అందరూ గబగబా రాసుకుంటున్నారు. సార్ తల తిప్పి చూశారు.

"పెన్నులు కింద పెట్టుండ్రి. ఇది క్లాస్ కాదు."

ఒక్కొక్కరే పెన్నులు మూశారు.

అప్పుడు సార్ అమ్మకు ఉన్నమాట చెప్పారు. "మేము డిటెక్టివ్‌లం కాదు చెల్లే. కథలు రాసుకునేటోళ్లం. నాకు ఎతుకుడు రాదు."

అమ్మ కుర్చీలోంచి లేవలేదు. "రాసేటందుకన్న తెలవాలె గద సారూ, ఎట్ల ఎతుకుతరో."

సార్ మా ఊరు, నాన్న పేరు అడిగి తెలుసుకున్నారు.

ఆ ఆదివారం చర్చి అయిపోయాక సైకిల్ మీద ఇస్నాపూర్ వచ్చారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం. ఫ్యాక్టరీ గేటు, లారీలు ఆగే హోటళ్లు, పోలీస్ స్టేషన్లు, సిటీలో ఆస్పత్రులు. ఆ ఏడాది ఆయన ఒక్క నవల కూడా పూర్తి చేయలేదని చాలా తర్వాత తెలిసింది.

నాలుగు నెలలకు ఆచూకీ దొరికింది.

బొంబాయి రోడ్డు మీద నాన్నను లారీ గుద్దింది. దారిన పోయేవాళ్లెవరో సిటీ ఆస్పత్రిలో చేర్చారు. మూడో రోజు పోయాడు. పేరు తెలియదు, ఊరు తెలియదు. వెతుక్కుంటూ వచ్చినవాళ్లు లేరని ఆస్పత్రివాళ్లే పూడ్చిపెట్టారు. పోలీసులు దాచిన బట్టల మూటల్లో సార్‌కు ఆ నీలి అంగీ కనిపించింది.

దాన్ని అమ్మ చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పారు. అమ్మ ఒక్కటే అడిగింది.

"ఆఖరుకు ఏమన్న అన్నడా సారూ? పిల్ల పేరు గిట్ల?"

సార్ అమ్మ మొహంలోకి చూశారు.

"తెల్వదు చెల్లే. ఎవ్వలు ఇనలే."

ఆ జవాబుకు నేను ఆయన మీద ఏళ్ల తరబడి కోపం పెట్టుకున్నాను. అన్ని కథలు అల్లిన మనిషి మా అమ్మ కోసం ఒక్క మాట అల్లలేకపోయాడా అని. 'పిల్లను పిలిచాడు' అంటే ఆయన సొమ్మేం పోయేది?

నేను టీచర్ ఉద్యోగంలో చేరాక ఒకరోజు మొహం మీదే అడిగేశాను.

"నోటిదాకా వచ్చింది బిడ్డా" అన్నారు. "మంచి మాటే వచ్చింది. మీ అమ్మ మొహం చూసి మింగిన. ఆమె నా దగ్గరికి కథ కోసం రాలే."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"ఆయన గట్ల అన్నందుకే నమ్మిన. ఊరోళ్లు తలా ఒక మాట చెప్పిండ్రు. తెల్వదన్నది ఆయనొక్కడే. ఇగ ఆ దినం నుంచి ఎదురుసూసుడు బంద్ చేసిన."

ఆ తర్వాత నేను సార్ ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పాలనుకున్నాను. వెళ్లాను కూడా. టీ తాగి, స్కూల్ కబుర్లు చెప్పి వచ్చేశాను. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు వెళ్లినా అంతే. ఆ మాట నోటికి రాలేదు. ఆయనకు తెలుసులే అనుకున్నాను.

నిన్న సాయంత్రం సంగారెడ్డిలో సమాధి చేశారు. అందరితో పాటు నేనూ వంగి మట్టి తీసుకున్నాను. మా నాన్నను ఎక్కడ పూడ్చారో ఇప్పటికీ మాకు తెలియదు. నాన్నకు నా చేతి మట్టి దక్కలేదు. పిడికిలి తెరుచుకోలేదు. గ్రేస్ వచ్చి నా చేయి పట్టుకుని, మెల్లగా వేయించింది.

సెలవు సార్. ఆదివారాలన్నీ మా కోసం తిరిగారు. ఇక మీ ప్రభువు దగ్గర ఏ తొందరా లేకుండా కూర్చోండి. మీకు నిమ్మళం కలగాలి.