ఈయనకెందుకు తెగలేదు నాన్నా?

నిన్న విజయవాడలో ఆటో ఎక్కితే, పక్కన ఒక చిన్న పాప టోపీ పెట్టుకుని, కాటుకతో మీసం దిద్దుకుని కూర్చుంది. నవ్వుతూ ఉరికంబం ఎక్కిన ఆ వీరుడి వేషం.

మీకూ గుర్తుందా, మన బడి గోడ మీద ఆయన పటం? మంగళగిరిలో మాది మగ్గం ఇల్లు. తడి నూలు, గంజి వాసన మధ్య నాన్న నేస్తూనే కాశన్న కథ చెప్పేవాడు. కాశన్న నాన్న కల్పించిన మనిషి. తెల్లవాళ్లు ఎన్నిసార్లు ఉరేసినా తాడు తెగిపోయేది.

మూడో తరగతిలో పటంలోని ఆయన్ని ఉరి తీస్తే చనిపోయాడని తెలిసి, ఏడుస్తూ ఇంటికొచ్చాను.

"కాశన్నకి తెగిపోద్దిగా నాన్నా, ఈయనకెందుకు తెగలేదు?"

నాన్న మగ్గం ఆపాడు. "ఈయన నిజంగా ఉన్నాడు కదే పిచ్చిమొహమా."

"మరి నువ్వో?"

"నేనూ నిజమేగా, కనపడట్లేదా?" అని నవ్వాడు.

ఆ నెలలోనే జ్వరమొచ్చి నాన్న పోయాడు. "మరి నువ్వో" అని అడగకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

నిన్న ఇంటికి రాగానే మా పాప గోడ మీది నాన్న ఫొటో చూపించి, "ఈ తాతయ్య నిజంగా ఉన్నాడా అమ్మా?" అంది.

"లేదమ్మా, కథలో తాతయ్య" అన్నాను.